డాబామీది చెరువు

పిల్లలూ, రోహిణి ఎండలు మండిపోతుంటే వాన మాట ఎందుకంటారా? మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక ఈ మాట చెప్పి లాభం లేదు. అంచేత ఇప్పుడే చెబుతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లవుతాయి. కావలిస్తే గుణించి చూసుకోండి. ఒక డాబా పొడవు 10 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు అనుకుందాం. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన కురిసింది. మన కోస్తాలో అదేమంత విశేషం కాదు. అయినా 4000 లీటర్లయింది! అంటే 4000 కిలోల బరువు. 75 కిలోల ధాన్యం బస్తాలు 53 తెచ్చి డాబామీద పేర్చినట్టన్నమాట.

తూము తెరిచి ఉంటే ఆ బస్తాలు వచ్చినవి వచ్చినట్టే దిగిపోతాయి. మూసుకుంటే పిట్టగోడే గట్టు, డాబాయే చెరువు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2010 శ్రావణమాసంలో మా ఇంట్లోనే జరిగింది. మా పెరట్లో వేపచెట్టు ఉంది. శిశిరంలో అది రాల్చిన ఆకంతా డాబామీద చేరింది. ఊడ్పించాలని ఉగాదినాడు అనుకున్నాను, ఏరువాకనాడు కూడా అనుకున్నాను. బడిలో నల్లబల్ల తుడవని పిల్లవాణ్ణి నిలబెట్టేవాణ్ణి గాని, నన్ను నిలబెట్టేవారెవరు? మూడు రోజులు ముసురు పట్టింది. మూడోనాడు తెల్లవారుజామున మా అమ్మ మంచం దిగి వంటింట్లోకి వెళ్లింది. వెనకనే ధబ్బుమని చప్పుడు. చేటంత పెచ్చు పైనుంచి ఊడి ఆమె తలగడమీద పడి ఉంది. “ఏమిట్రా అది?” అని వంటింట్లోంచి అడిగింది. నాకు నోట మాట రాలేదు.

వాన వెలిశాక తూములో చెయ్యి పెడితే కుళ్లిన వేపాకు, కాస్త గడ్డి, మా అబ్బాయి ఎప్పుడో పోగొట్టుకున్న రబ్బరు బంతీ వచ్చాయి.

ఒక్క ముసురుకే పెచ్చు ఊడిందనుకోకండి. శ్లాబు లోపల ఇనుప చువ్వలుంటాయి. నిలవ నీరు సన్నని బీటలగుండా వాటిదాకా దిగి తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు అసలు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు కావాలి. చోటు లేక అది సిమెంటును లోపలినుంచి నెడుతుంది. మొదట చెమ్మ మరక, తరవాత బీట, ఆ తరవాత పెచ్చు. మా ఇంట మరక కనబడి అప్పటికి రెండేళ్లయింది. నేను చేసిన ఘనకార్యమేమిటంటే, దానిమీద సున్నం వేయించడం!

పెంకుటిళ్లవారికి ఈ బాధ లేదనుకుంటారేమో. గ్లాసెడు నీళ్లలో పాతగుడ్డ ఒక కొస ముంచి, రెండో కొస గ్లాసు బయటికి వేలాడదియ్యండి. కాసేపటికి నీళ్లు గుడ్డను పట్టుకుని పైకెక్కి, బయట చుక్కలుగా రాలుతాయి. పెంకుల సందుల్లో ఇరుక్కున్న ఆకూ దుమ్మూ చేసే పని కూడా ఇదే. వాలున దిగవలసిన నీరు, పైపెంకు కిందుగా ఎగబాకి వాసాలమీద పడుతుంది. వాసం పుచ్చిందాకా ఎవరూ కనిపెట్టరు.

సరే, శుభ్రం చేసేదెట్లా? పెంకులమీదికి మీరు ఎక్కవద్దు. పెంకు కాలికింద పుటుక్కున విరుగుతుంది. ఆ పని తెలిసిన పనివాడిదే. పిట్టగోడ ఉన్న డాబా అయితే ఎండరోజున పెద్దవాళ్లతో కలిసి వెళ్లండి. పైన కరెంటు తీగలున్నవేమో ముందు చూసుకోవాలి. చెత్తను చీపురుతో తూము వైపు తోయవద్దు. తూమునుంచి వెనక్కి ఊడ్చి తట్టకెత్తాలి. ఇనుపపారతో గీకితే పైపూత లేచిపోతుంది. పిట్టలు వేసిన గింజనుంచి పిట్టగోడ పగులులో రావిమొక్క మొలిచి ఉంటుంది. రెండాకుల మొక్కప్పుడే వేరుతో సహా తీయించండి. పైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది.

అంతా అయ్యాక తూము దగ్గర బిందెడు నీళ్లు పొయ్యమని, మీరు కింద దూరంగా నిలబడి చూడండి. ధారగా దూకితే సరే. చుక్కచుక్కగా కారితే లోపల ఇంకా ఏదో అడ్డం ఉన్నదన్నమాట. మళ్లీ ఆశ్వయుజంలో, తుపాన్ల రోజులకు ముందు, ఇంకొకసారి చూడాలి. తూము మూతికి జల్లెడ బిగించామని ధీమాగా ఉండే వారున్నారు. ఆకులు జల్లెడమీద కూడా పేరుకుంటాయి గదా!

ఇక మీ పని. మీ డాబా కొలిచి, 50 మిల్లీమీటర్ల వానకు ఎన్ని బస్తాలో లెక్క కట్టండి. ఆ నీళ్లు తూము దిగి ఎటు పోతున్నాయో మొదటి వానకే చూసి ఉంచండి. వచ్చే నెల ఆ చోట ఇంకుడుగుంట తవ్వుదాం.