సేవ కాదు, పని

సేవ అనే మాట మాకు కొత్త కాదు. మా తాతలు చచ్చిన గొడ్డుని ఈడ్చినా, డప్పు కొట్టినా, చావుకబురు మోసినా దాన్ని ఊరికి సేవ అన్నారు. కూలి ఇవ్వాల్సిన చోట కళ్ళంలో నాలుగు గింజలు విదిలించారు. ఇప్పుడు అదే మాట పట్నంలో లిఫ్టెక్కి అపార్ట్‌మెంట్లలోకి వచ్చింది. పిల్లలు అమెరికా పోయాక మంచాన పడ్డ ముసలివాళ్ళకి దొడ్డికెత్తే ఆడమనిషిని పట్టుకుని "ఆయమ్మా, నువ్వు చేసేది దేవుడి సేవ" అంటున్నారు. అంత గొప్ప సేవే అయితే, గుళ్ళో పూజారిపనిలా దాన్ని కూడా మీలో మీరే ఎందుకు పంచుకోరు?

మా చిన్నమ్మ పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉంది. గుంటూరు జిల్లాలో మాదిగపల్లె మాది. వరికోతకి మిషన్లొచ్చి కూలి పడిపోయాక ఆమె విజయవాడలో ఏజెన్సీ మెట్లెక్కింది. నా బి.ఇడి. ఫీజు ఆ జీతంలోంచే కట్టింది.

ఆ పనేమిటో చెప్తా. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే వీపు మీద, పిరుదుల మీద పుళ్ళు పడతాయి. రాత్రయినా అంతే. ఆస్పత్రిలో ఇదే పనికి నర్సులు షిఫ్టులు మారతారు. ఇంట్లో ఒక్క మనిషే ఇరవై నాలుగ్గంటలూ చెయ్యాలి. మరి ఆమె ఎప్పుడు పడుకోవాలి? "పేషెంటు పడుకున్నప్పుడు పడుకో" అంటారు. మతిమరుపు జబ్బున్న ముసలాయన రాత్రిళ్ళే లేస్తాడు, కొడతాడు, రక్కుతాడు. ఆయన తప్పు కాదది, జబ్బు. కానీ దెబ్బ తగిలేది చిన్నమ్మకి. డెబ్భై కిలోల మనిషిని ఒక్కతే ఎత్తీ దించీ ఆమె నడుం పోయింది. నడుం బెల్టు ఆమె డబ్బుతో ఆమే కొనుక్కుంది.

ఇక కులం సంగతి. ఏజెన్సీకి ఫోన్ చేసినవాళ్ళు ముందు అడిగేది అనుభవం గురించి కాదు. "ఎవరోళ్ళు? వంటింట్లోకి రానివ్వొచ్చా?" అని. వంటింటికి ఒక కులం, ఒంటికి ఒక కులం. ముసలావిడ ముడ్డి కడిగిన చెయ్యి, ఆ ముసలావిడ తాగే నీళ్ళ బిందెకి పనికిరాదు. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు, ఎందుకంటే వాళ్ళ భయం మురికి గురించి కాదు. బాల్కనీలో వేరే కంచం, వేరే గ్లాసు. టీకొట్టులో రెండు గ్లాసులు పెడితే కేసు పెడతాం. నాలుగో అంతస్తులో తలుపేసుకున్న ఫ్లాటులో రెండో గ్లాసుకి సాక్ష్యమెవరు చెప్తారు?

ముసలావిడ పోయిన రోజే ఉద్యోగమూ పోతుంది. రెండేళ్ళు నోట్లో ముద్ద పెట్టిన మనిషికి ఏడవడానికైనా అక్కడ చోటుండదు. ముందు బీరువా చూసుకుంటారు, తర్వాత ఆమె సంచి వెతుకుతారు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకి 2007లో చట్టమొచ్చింది. చూడని పిల్లల మీద ట్రిబ్యునల్‌కి పోవచ్చు. మంచిదే. కానీ ఆ తల్లిదండ్రుల్ని ఎత్తే చేతులకి అందులో పనిగంటలు లేవు. 1946లో, వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ తెచ్చాడు. ఆ 48 గంటలు మా చిన్నమ్మకి రెండు రోజుల్లో అయిపోతాయి. ఇంటిపనివాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెస్తే మన దేశం అనుకూలంగా ఓటేసింది. ధ్రువీకరణ మాత్రం చెయ్యలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ళకి చట్టం సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకి!

చదువుకున్నవాళ్ళు కొందరు ఒత్తిడి తగ్గడానికి ధ్యానం చెయ్యమంటారు. కళ్ళు మూసుకుంటే చిన్నమ్మకి ధ్యానం రాదు, నిద్రొస్తుంది. ఆమెకి కావాల్సిందీ అదే.

నేను సర్కారు బడిపంతుల్ని. నాకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులున్నాయి. జీతం ఆలస్యమైతే టెంటు వేసే సంఘముంది. అవి ఎవరి దయా కాదు, కొట్లాడి తెచ్చుకున్నవి. చిన్నమ్మకి ఒక్క ఆదివారం కావాలంటే బదులు మనిషిని ఆమే వెతుక్కోవాలి.

"అంత జీతం మేమెక్కణ్ణుంచి తెస్తాం?" అని పెన్షనుతో బతికే పెద్దమనిషి అడుగుతాడు. నిజమే. అయితే ప్రభుత్వాన్ని అడగండి, మాతో కలిసి అడగండి. ఆ లోటు మా ఆడోళ్ళ నడుముల్లోంచి పూడ్చకండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచే కరపత్రం అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూడా పంచండి. ఎనిమిది గంటల షిఫ్టు, వారానికో సెలవు, మనిషిని ఎత్తడానికి రెండో మనిషి, ఏజెన్సీ కోతకి హద్దు, పేషెంటు పోతే ఇంకో పని దొరికేదాకా జీతం, అందరికీ ఒకటే గ్లాసు. ఇవి రాయండి.

అయ్యలారా, మీ అమ్మకి మీరు చేసుకుంటే అది సేవ. మాతో చేయించుకుంటే అది పని. పనికి గంటలుంటాయి, కూలి ఉంటుంది. ముందు ఆ లెక్క తేల్చండి.