న్యాయ వ్యవస్థలో మన పిల్లలకు చోటెక్కడ?

గత నెల ఒక జుమా నమాజు అనంతరం, హన్మకొండలోని మా మొహల్లాకు చెందిన ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. అబ్బాయి న్యాయశాస్త్ర పట్టా పొంది ఏడాది దాటింది. "భాయ్‌సాబ్, వీణ్ణి ఏదైనా కంపెనీలో పెట్టించే దారి చెప్పండి. ఠాణాలు, క్రిమినల్ కోర్టులు మనకెందుకు?" అన్నారాయన.

ఆ మాటలో భయం ఉంది. దానికి కారణాలూ లేకపోలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ కేంద్ర కారాగారం నుండి హైదరాబాదు కోర్టుకు తరలిస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. బేడీలు వేసిన చేతులతో అదెలా సాధ్యమని కుటుంబాలు ప్రశ్నించాయి. ఆ ప్రశ్నను ఈ ఊరు నేటికీ మరువలేదు.

అయితే భయపడి దూరంగా ఉన్నంత మాత్రాన చట్టం మనకు దూరం కాదు. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలే. వారిలో ముస్లింల వాటా జనాభాలోని మన వాటాను మించి ఉన్నది. మరోవైపు 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఐపీఎస్ అధికారుల్లో మనవారు 4 శాతం మాత్రమే. బోనులో ఎక్కువగా, బల్ల వెనుక తక్కువగా ఉండడమే మన సమస్య.

గుమస్తాగా ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఒక సత్యం తెలుసు. ఫైలు భవితవ్యాన్ని చాలావరకు నిర్ణయించేది చివరి సంతకం కాదు, మొదటి నోటు. క్రిమినల్ కేసులోనూ అంతే. ఎఫ్‌ఐఆర్, పంచనామా, రిమాండు రిపోర్టు, బెయిలు దరఖాస్తు అనే తొలి కాగితాలే మనిషి బతుకును మలుపు తిప్పుతాయి. ఆ కాగితాలు రాసేచోట, చదివేచోట మన పిల్లలు ఉండాలి.

క్రిమినాలజీ, క్రిమినల్ జస్టిస్ పట్టాలు మన ప్రాంతంలో అరుదు. ఇగ్నో దూరవిద్యలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉన్నది. కానీ అది అదనపు బలమే తప్ప, దానంతటదే ఉద్యోగం తెచ్చిపెట్టదు. నోటిఫికేషన్లు అడిగేది ప్రధానంగా న్యాయశాస్త్రం, విజ్ఞానశాస్త్రం లేదా ఏదైనా డిగ్రీ.

న్యాయ పట్టభద్రులకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగం ఒక మంచి మార్గం. 2021లో తెలంగాణ పోలీసు నియామక మండలి ఇటువంటి 151 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రాక్టీసు అనుభవం తప్పనిసరి. సివిల్ జడ్జి పరీక్షకు సైతం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొత్త న్యాయవాదులు జిల్లా న్యాయసేవాధికార సంస్థలోని డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థలో సహాయకులుగా చేరవచ్చు. కాంట్రాక్టు కొలువే అయినా, పేద ఖైదీ పక్షాన నిలిచే అవకాశం అక్కడ లభిస్తుంది.

సైన్సు చదివినవారికి ఫోరెన్సిక్ రంగం ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలాన్ని సందర్శించాలంటున్నది. ఇందుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ వ్యవధి ఇచ్చింది. ఆ నిపుణులు ఎక్కడి నుండి రావాలి? రసాయన, జీవ, భౌతిక శాస్త్రాలు చదువుతున్న మన ఆడపిల్లలు ఎందుకు కాకూడదు?

ఏదైనా డిగ్రీ ఉన్నవారు ఎస్సై, డిప్యూటీ జైలర్ పరీక్షలు రాయవచ్చు. కారాగార ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. అదే సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడని నేరంలో తొలిసారి నిందితుడైనవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణలోనే గడిపితే విడుదలకు అర్హుడు, అతనిపై ఇతర కేసులు పెండింగులో లేకుంటే. అందుకు కోర్టుకు లిఖితపూర్వకంగా నివేదించవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఆ లెక్క సకాలంలో చూసే అధికారి ఒక ఇంటి దీపాన్ని నిలబెట్టగలడు.

ఖాకీ తొడిగిన మనవాడు కూడా చివరికి వ్యవస్థకే లొంగుతాడని కొందరంటారు. ఒక్కడు వ్యవస్థను మార్చలేడన్నది నిజమే. మనవారికి పక్షపాతం చూపమనీ నేను అనడం లేదు. మనకే వ్యతిరేకమైనా న్యాయం పక్షాన నిలవడం మన ధర్మం. కోరేదల్లా, నిష్పక్షపాతంగా రాసే చేతుల్లో మన చేతులూ ఉండాలని.

ఇందుకు మన వంతు పనులున్నాయి. బీసీ-ఇ వర్గాలవారు 4 శాతం రిజర్వేషనుకు ధ్రువపత్రాన్ని నోటిఫికేషన్ రాకముందే సిద్ధం చేసుకోవాలి. అందులో చేరని సయ్యద్, పఠాన్ వంటి వర్గాలవారు ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటాకు అర్హత చూసుకోవాలి. అన్నిటికంటే కష్టమైనది ప్రాక్టీసులోని తొలి మూడేళ్ళు. అప్పుడు సంపాదన బస్సు ఛార్జీలకూ చాలదు. పేదింటి పిల్లలు నల్లకోటు విప్పేసేది అక్కడే. మస్జిదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు మొహల్లాకు ఒక్కరినైనా ఎంచుకొని ఆ మూడేళ్ళు నెలనెలా ఆదుకుంటే చాలు. పెళ్ళి విందుల్లో మనం వృథా చేసే సొమ్ములో అదెంత?

ఆ తండ్రికి నేనొకటే చెప్పాను: "మీవాడికి మూడేళ్ళు గడువివ్వండి." ఆయన వెంటనే ఒప్పుకోలేదు, ఆలోచిస్తానన్నారు. ఆయన్ను ఒప్పించవలసింది నా మాటలు కాదు, మన జమాత్ అందించే చేయూత.