అరుగు కొట్టేశాక పిల్లాడెక్కడ కూర్చోవాలి?

ఈ వారం మా వీధిలో ఇంకో అరుగు పోయింది. పొద్దుటి నుంచి బ్రేకర్ మిషన్ మోత. సాయంత్రానికి ట్రాక్టర్ తొట్టి నిండా గానుగ సున్నం పెళ్లలు, వాటి మీద అరుగు అంచుకు పరిచిన నల్లరాతి పలకలు. ఆ పలకల్లో ఒకదాని మీద పులిజూదం గళ్లు చెక్కి ఉండేవి. ఎవరు చెక్కారో ఆ ఇంటివాళ్లకే తెలియదు. చింతగింజలూ గులకరాళ్లూ పెట్టి ఆ గళ్ల మీద ఆడిన పిల్లల్లో కొందరు ఇప్పుడు తాతలయ్యారు. పలకను ఎక్కడ పోశారో కనుక్కుని తెచ్చుకుందామని వెళ్లాను. ట్రాక్టర్ నడిపిన అబ్బాయికి గుర్తులేదు.

పాత ఇల్లు నేలమట్టం చేసి అపార్టుమెంటుకు ఇచ్చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్ల గురించి ఇక్కడ రాయను. ఈ ఇంటి యజమాని అలాంటివాడు కాదు. ముత్తాత కట్టిన మండువా ఇంటిని అమ్ముకోకుండా, హైదరాబాదు ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసుకుంటూ, తల్లి దగ్గర ఉండాలని భార్యాపిల్లలతో వచ్చేసిన మనిషి. బ్యాంకు లోను తీసుకుని మరీ ఇల్లు బాగుచేయిస్తున్నాడు. అందుకే నాకింత బాధ.

"అరుగెందుకు కొట్టించావు నాయనా?" అనడిగాను. "కారెక్కడ పెట్టుకోమంటారు పిన్నిగారూ? పైగా వానొస్తే వీధిలో నీళ్లు గుమ్మం దాకా వచ్చేస్తున్నాయండి. ర్యాంపు ఎత్తుగా వేస్తేగాని కుదరదన్నాడు మేస్త్రీ" అన్నాడు. అతను చెప్పింది నిజమే. నీళ్ల సంగతికి తర్వాత వస్తాను. లోపలికి వెళ్తే అతని భార్య కాఫీ ఇస్తూ, "అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. పిల్లలిద్దరూ ఫోను వదలడం లేదు. లాక్కుంటే ఏడుపు, ఇస్తే తిండి ధ్యాసే ఉండదు" అంది.

ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో విన్నాను. రెంటికీ సంబంధం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. పిల్లాడు రోజుకెన్ని గంటలు ఫోను చూస్తాడన్నది, మేస్త్రీ నేల మీద ముగ్గుతో గీత గీసిన రోజునే చాలావరకు తేలిపోతుంది.

ఇంటి లోపల ఏం చేశారో చూడండి. మండువా అంటే నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుటి కప్పు, నడుమ ఆకాశం, కింద వాననీళ్లు పడే పల్లం, ఆ నీళ్లు బయటికి పోయే తూము. ఎండ ఇంట్లోకి దిగేది, వాన ఇంట్లోనే కురిసేది. పిల్లలు గడప దాటకుండా తడిసేవాళ్లు. ఇప్పుడా ఆకాశానికి పాలికార్బొనేట్ రేకు బిగించారు. తూము మూసేసి, పల్లం పూడ్చి, టైల్స్ పరిచి, సోఫా వేశారు. ఎదుటి గోడకు గోడంత టీవీ. బర్మా టేకు స్తంభాలు మాత్రం ఉంచి పాలిష్ పెట్టించారు, అందుకు దణ్ణం పెడతాను. ఆ స్తంభాలనీ, చెక్కుడు ద్వారబంధాలనీ విప్పి పాత సామాన్ల వ్యాపారులకు అమ్మేసే ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఎన్నో చూశాను. అవి ఎక్కడో రిసార్టుల్లోనూ హోటళ్లలోనూ నిలబడతాయి.

సున్నం గోడల మీద సిమెంటు పూత పూయించడం ఇంకో పొరపాటు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. దాన్ని సిమెంటుతో, పైన ప్లాస్టిక్ పెయింటుతో మూసేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. పిలిచి అడిగేవాళ్లే తగ్గారు. దీని మీద వేరే వారం రాస్తాను.

ఇక ఫోన్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని ఒక అంకె తల్లిదండ్రులందరికీ నోటికొచ్చు: రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదు. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, దాదాపు అదే చెప్పింది: రెండేళ్లలోపు అసలే వద్దు, అయిదేళ్ల దాకా గంట, అయిదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటలలోపు. ఇవి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పత్రంలో రాసిన మరో అంకెను ఎవరూ పంపగా నేను చూడలేదు. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి. మూడు గంటలు! గంట గురించి అంత బెంగపడే మనం ఈ మూడు గంటలకు ఇంట్లో ఎక్కడ చోటు పెట్టాం? హాలు సోఫాకూ టీవీకీ, బెడ్రూము మంచానికీ వార్డ్‌రోబుకూ, వాకిలి కారుకూ పోయాయి.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు సాగిన అధ్యయనం 2015లో అచ్చయింది. సగం బడుల్లో పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చారు. మామూలు బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 39.5 శాతం. ఆరుబయటికి పంపిన బడుల్లో 30.4 శాతం. పగటి వెలుతురు కంటికి మందులా పనిచేస్తుందన్నమాట. చూరు నీడలో ఉన్న అరుగు మీద కూడా, పగలే ట్యూబులైటు వెలిగించిన హాల్లో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. అయినా ఇంటిని బాగుచేసే ప్రతివాళ్లూ మొదట కొట్టేసేది అరుగునే.

అరుగు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పిల్లాడు అరుగు మీద ఉన్నాడంటే ఇంట్లోనూ ఉన్నాడు, వీధిలోనూ ఉన్నాడు. వంటింట్లోంచి తల్లి పిలిస్తే పలుకుతాడు. వీధిలో పోయేవాళ్లని చూస్తాడు. కూరగాయల బండి ఆగితే బేరం వింటాడు. పక్కింటి పిల్ల గచ్చకాయలు పట్టుకొస్తే ఆడతాడు, ఎవరూ రాకపోతే చీమల బారు చూస్తూ కూర్చుంటాడు. కార్లూ బైకులూ కుక్కలూ అని పిల్లల్ని వీధిలోకి పంపడానికి తల్లులు భయపడుతున్నారు. ఆ భయంలో న్యాయం ఉంది. ఆ భయానికి విరుగుడు అరుగే: రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, పైన చూరు. దాన్ని తీసేస్తే గేటు లోపలైనా ఉండాలి, రోడ్డు మీదైనా ఉండాలి, మధ్యలో ఏమీ లేదు. పిల్లాడు గేటు లోపలే ఉండిపోతాడు. లోపల వాడికి దొరికే కొత్త మనుషులందరూ ఫోనులోనే ఉన్నారు.

మన చదువు కూడా అరుగు మీద పుట్టిందే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ ఊళ్లలో బడుల లెక్క తీయమన్నాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వాటిలో చాలావాటికి వేరే భవనమంటూ లేదు. ఎవరి ఇంటి అరుగు మీదో, ఏ చావడిలోనో, ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించిన వీధిబడులవి.

ఆ అరుగుల మీద అందరికీ చోటుండేదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఉండేది కాదు. మన్రో లెక్కలోనే ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. మా చిన్నప్పుడు మా అమ్మ పట్టపగలు వీధరుగు మీద కూర్చోగా నేను చూడలేదు. మగవాళ్లు లేని మధ్యాహ్నం వేళ గుమ్మం పక్కన నక్కి కూర్చునేది, ఎవరైనా వస్తే లేచి లోపలికి వెళ్లేది. ఇంటి చాకిరీ, పొలం చాకిరీ చేసినవాళ్లను అరుగు కింద నిలబెట్టే మాట్లాడి పంపారు. ఆ అన్యాయం తీరాలంటే అరుగు అందరికీ దక్కాలి. దాన్ని కొట్టేసి ఆరడుగుల ప్రహరీ లేపితే, కింద నిలబడ్డ మనిషి ఇప్పుడు గేటు బయట నిలబడి బెల్లు కొడతాడు. అంతకు మించి ఏమీ మారలేదు.

అరుగులున్న పల్లెల్లోనూ పిల్లలు ఫోన్లు చూస్తున్నారు కదా అని కూడా అంటారు. చూస్తున్నారు. పల్లెటూరి పిల్లల మీద జరిగే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లు 82 శాతం. వాళ్లలో ముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. అయితే ఆ పల్లెల్లో అరుగు మీంచి మొదట లేచిపోయింది పిల్లలు కాదు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. సాయంత్రం ఏడయ్యేసరికి పెద్దవాళ్లంతా సీరియళ్ల కోసం లోపలికి వెళ్లిపోయారు. నేనూ వెళ్లినదాన్నే. పిల్లలు అరుగు మీద ఒంటరిగా కొన్నేళ్లు ఆడుకున్నారు. తర్వాత వాళ్లకూ ఒక తెర దొరికింది. ఇప్పుడు అమ్మమ్మ చేతిలో రీల్స్, తాత చేతిలో రాజకీయ చర్చలు, తండ్రి చెవుల్లో ఆఫీసు మీటింగు. ఇంట్లో ఫోను కట్టేయమని చెప్పేది మాత్రం ఆరేళ్ల పిల్లకు. ఆ పిల్లకు మనం చేసే అన్యాయం ఇది.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. మన దగ్గరా అలాంటి చట్టం కావాలన్న మాట వినిపిస్తోంది. రానివ్వండి, నేను అడ్డు చెప్పను. చట్టం వచ్చిన మర్నాడు సాయంత్రం ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలో కూడా ఎవరైనా ఆలోచిస్తే చాలు.

నీళ్ల సంగతికి వస్తానన్నాను. నా కోపంలో సగం ఆ ఇంటి యజమాని మీద కాదు, రోడ్లు వేసేవాళ్ల మీద. మా వీధిలో అరుగు ఎక్కడానికి ఒకప్పుడు మూడు మెట్లుండేవి. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్త పొర పోశారు. ఒక మెట్టు మునిగింది, తర్వాత రెండోది, చివరికి రోడ్డూ అరుగూ సమానమయ్యాయి. ఇప్పుడు నాలుగు చినుకులు పడితే వందేళ్లనాటి ఇల్లు చెరువవుతోంది. జాకీలు పెట్టి ఇల్లంతా పైకెత్తిస్తున్నవాళ్లున్నారు. అంత స్తోమత లేనివాళ్లు అరుగు కొట్టి ర్యాంపు పోస్తున్నారు. ఆ ర్యాంపు డ్రెయిను మీదికి వస్తుంది, డ్రెయిను పూడుకుపోతుంది, ఆ నీళ్లు పక్కింట్లోకి వెళ్తాయి, ఆ పక్కింటివాళ్లు ఇంకా ఎత్తుగా ర్యాంపు పోస్తారు. పాత పొర చెక్కి తీశాకే కొత్తది వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో తన ఇంజినీర్లకు ఉత్తర్వు ఇచ్చింది. చెక్కే మిషన్లు మన దగ్గరా ఉన్నాయి, హైవేల మీద పనిచేస్తూ కనిపిస్తాయి. వీధుల దగ్గరికి వచ్చేసరికి కాంట్రాక్టరు పాత తారు మీదే కంకర పోసి రోలరు తోలి వెళ్లిపోతాడు. బిల్లు పాస్ చేసే ఇంజినీరు ఆ పక్కనే ఉన్న గడప ఎత్తు ఎందుకు కొలవడు? ప్రతి వార్డులో రోడ్డు మట్టం ఎంతుండాలో రాసి పెట్టి, అంతకు మించి అంగుళం పెరిగితే బిల్లు ఆపాలి. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డుకు ఓటడగడానికి వచ్చేవాళ్లను నేను ఈ ఒక్క మాటే అడుగుతాను.

అంతదాకా, ఇల్లు బాగుచేయించుకుంటున్నవాళ్లకు నా మనవి. అరుగు ఉంటే ఉంచండి. మెట్లు మునిగితే దాన్నే ఇంకో రెండు వరసల ఇటుకతో ఎత్తు చేయించండి, కొట్టించవద్దు. అరుగు ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు ప్రహరీని వీధివైపు నడుమెత్తు దగ్గరే ఆపి, లోపలి వైపు గోడ పొడుగునా కడప బండతో కూర్చునే గట్టు కట్టించుకోండి. ఇల్లు కట్టేటప్పుడు ఎలాగూ ముందు జాగా వదలాల్సిందే, ఆ జాగా అంతా కారుకే రాసివ్వకండి. గట్టు మీద ఎండ పడకుండా నాలుగు వరసల పెంకు చాలు. దాని దగ్గర మాత్రం చార్జింగు ప్లగ్గు పెట్టించవద్దు. సాయంత్రం ఆరింటికి మొదట మీరు వచ్చి దాని మీద కూర్చోండి, ఫోను లోపల పెట్టి. ఆ ఇంటి కోడలికి కూడా నేను ఇదే చెప్పాను. "చూస్తానండి అత్తయ్యగారూ, ర్యాంపు పక్కన నాలుగడుగులు మిగిలేట్టుంది, మేస్త్రీనడుగుతాను" అంది.