అనకాపల్లి: ఇంట్లో హింస.. బయట పరువు భయం.. గుట్టుగా సాయం దొరికే దారి ఉందా?

కొట్టాడని స్టేషన్‌కు వెళ్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. మళ్లీ అదే ఇంటికి, అదే మనిషి దగ్గరకు తిరిగి రావాలి. గృహ హింస బాధితుల్లో చాలామందిని గడప దాటనివ్వనిది ఈ భయమే. అనకాపల్లి లాంటి జిల్లాలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే ఇక్కడి ఊళ్లలో ఎవరు ఎక్కడికి వెళ్లారన్నది దాచినా దాగదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఏపీలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 30 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. దేశం మొత్తంగా చూస్తే హింస ఎదుర్కొన్న మహిళల్లో 77 శాతం మంది సాయం అడగలేదు, అసలు ఎవరికీ చెప్పనే లేదు. సాయం కోరింది 14 శాతం మందే. అంటే పోలీసు రికార్డుల్లో కనిపించేది అసలు సమస్యలో చిన్న ముక్క మాత్రమే.

దగ్గరున్న సాయమే దూరమైంది!

2022 ఏప్రిల్ 4న విశాఖ నుంచి విడిపోయి అనకాపల్లి కొత్త జిల్లా అయింది. కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు దగ్గరకొచ్చాయి. అంతకుముందు 2019లోనే సచివాలయాల వ్యవస్థ వచ్చింది, అందులో మహిళా పోలీసు పోస్టు కూడా ఉంది. కానీ మాడుగుల, రోలుగుంట, గొలుగొండ వైపు పల్లెల్లో సచివాలయం మెట్లెక్కితే నలుగురూ చూస్తారు. ఎందుకెళ్లావని అడుగుతారు. సాయం ఎంత దగ్గరుంటే గుట్టు అంత తొందరగా బయటపడుతుంది. చిక్కంతా ఇక్కడే.

చట్టంలో గోప్యతకు చోటుంది

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, సాయం పొందాలంటే ముందు కేసు పెట్టాల్సిన పనిలేదు. 2005 గృహ హింస చట్టం ప్రధానంగా సివిల్ చట్టం. భర్తను జైలుకు పంపడం కంటే బాధితురాలికి రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు ఇప్పించడమే దీని ఉద్దేశం. ఫిర్యాదు నివేదిక లేదన్న సాకుతో ఆశ్రయ కేంద్రం గానీ, ఆస్పత్రి గానీ కాదనకూడదు. బాధితురాలు కోరితే తను అక్కడున్న సంగతి ఎదుటి వారికి చెప్పకూడదని నిబంధనలే అంటున్నాయి. కోర్టు విచారణను కూడా తలుపులు మూసి జరిపే వీలుంది.

2015లో కేంద్రం మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్ల (సఖి) పథకం ఉద్దేశం కూడా ఇదే. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట ఇస్తారు. కొద్ది రోజులు తలదాచుకోవచ్చు కూడా.

మరి గుట్టు ఎంతవరకు?

ఇక్కడ ఓ విషయం సూటిగా చెప్పుకోవాలి. సలహా, ఆశ్రయం వరకు గోప్యత ఉంటుంది. మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేశాక మాత్రం భర్తకు నోటీసు వెళ్తుంది. కోపం ముదిరేది అప్పుడే. అందుకే ముందుగానే భద్రతా ప్రణాళిక తయారుచేయాల్సిన బాధ్యత రక్షణ అధికారిది. ఏపీలో ఈ పని మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులే అదనంగా చూసుకుంటున్నారు. వంద పనులున్న అధికారి ఒక్కో మహిళకు ఎంత సమయం ఇవ్వగలరు? 2025 మేలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. మండలాల్లో అది ఎంతవరకు అమలవుతుందన్నదే అసలు పరీక్ష.

గుర్తుంచుకోవాల్సినవి ఇవే

* 181: మహిళా హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది. ప్రాణాపాయం ఉంటే వెంటనే 112.
* 15100: న్యాయ సలహా కోసం. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సాయం పొందే హక్కుంది.
* ఫోన్ భర్త చేతికి వెళ్తుందనుకుంటే కాల్ హిస్టరీలో నంబర్ తీసేయాలి. లేదంటే నమ్మకమున్న వాళ్ల ఫోన్ నుంచి చేయాలి.
* బాధితురాలి తరఫున ఇంకొకరు కూడా సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పిన వారిపై కేసు ఉండదని చట్టమే హామీ ఇస్తోంది.
* ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ఒకేచోట, చేతికందేలా పెట్టుకోవాలి.

నంబర్లు ఉన్నాయి, చట్టం ఉంది. లేనిదల్లా చెప్పుకుంటే బయటకు పొక్కదన్న నమ్మకం. అచ్యుతాపురం ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఆస్పత్రి ఓపీలో, పొదుపు సంఘం మీటింగ్‌లో ఈ ఒక్క మాట గట్టిగా చెబితే చాలు: కేసు పెట్టకుండానే, ఎవరికీ తెలియకుండానే సాయం అడగొచ్చు.