రాయలసీమ బాలికలు: చదువు, క్రీడలు

తుంగభద్రా తీరముననున్న మంత్రాలయమునకు యాత్రికులు నలుదెసలనుండి విచ్చేయుచున్నారు. పూర్వము మంచాల యని పిలువబడిన ఈ గ్రామమున 1671లో బృందావన ప్రవేశము గావించిన రాఘవేంద్రస్వామివారు శాస్త్రగ్రంథములకు వ్యాఖ్యలు రచించిన మహావిద్వాంసులు. అట్టి క్షేత్రమునకు చుట్టునున్న పల్లెల స్థితి యెట్టిది? చేలలో పని యుడిగినతోడనే మంత్రాలయము, కోసిగి, పెద్దకడబూరు ప్రాంతముల కూలి కుటుంబములు మూటాముల్లె సర్దుకొని పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును గుంటూరు వైపు తరలిపోవుచున్నవి. బిడ్డలును వెంట పోవుదురు. హాజరుపట్టీలో పేరుండును, పలుకు బిడ్డ యుండదు. 2011 జనాభా లెక్కలనాటికి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత నూటికి 60నైనను అందుకొనలేదు.

రాయలసీమ యనగనే కరవనియు, కక్షలనియు పలుకుట లోకమునకు వాడుకయైనది. లోకము పలుకుటకంటె, ఆ మాటను మనమే నమ్ముట మాకు విచారకరముగా నున్నది. కూలివాని బిడ్డకు చదువెందులకు, ఆడపిల్లకు ఆటలెందులకు అను మాటలు మన యిండ్లలోనే పుట్టుచున్నవి గదా! 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి ధారపోయగా వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. 1928లో నంద్యాల సభయందు మనవారు ఆ పరాధీన నామమును త్రోసిపుచ్చి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ యను పేరును స్వీకరించిరి. ఒరులు పెట్టిన పేరును మోయనక్కరలేదని నాడే ఋజువైనది. నేడు ఈ సీమ బాలికలు రెండవ పేరును త్రోసిపుచ్చుచున్నారు.

మంత్రాలయమునకు సమీపముననున్న ఆదోనికి చెందిన అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారత జట్టు పక్షమున బంతి వేసినది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలమునుండి వచ్చిన శ్రీచరణి 2025 ప్రపంచకప్ పోటీలలో 14 వికెట్లు పడగొట్టినది. ఆ సంవత్సరము నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి, భారత మహిళలు తొలిసారి ఆ కప్పును గెలిచిరి. చదువున జరిగిన గెలుపును ఇంతకు తీసిపోదు. ఆదోని ప్రాంతమున బాల్యవివాహమునుండి తప్పింపబడిన యొక బాలిక, ఆస్పరి కస్తూర్బా విద్యాలయమున చేరి, 2024లో ఇంటరు మొదటి సంవత్సర పరీక్షలో 440కి 421 మార్కులు తెచ్చుకొన్నది. ఆమె పెండ్లిపీట తప్పించుకొన్నదని సంతోషించుటతో సరిపెట్టరాదు. పీటలపై కూర్చుండబెట్టబడిన తక్కిన బాలికలలో ఎందరికి అట్టి తెలివి యుండెనో యని చింతింపవలయును.

ఇవి దైవవశమున జరిగిన అద్భుతములని చెప్పి తప్పించుకొనుట తగదు. పొరుగునున్న అనంతపురమున విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆరంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పేదల బిడ్డలకు బడియు, మైదానమును, శిక్షకులను కూడ సమకూర్చినది. 2010లో రఫేల్ నాదల్ పేరిట అచ్చట టెన్నిసు విద్యాలయము వెలసినది. అందు ఆటతోపాటు చదువును చెప్పుదురు. విత్తనము మన నేలలో ఎన్నడును కరవు కాలేదు. నీరు పెట్టినచోట మొలకెత్తినది, పెట్టనిచోట ఎండినది.

వేయిమంది ఆడినను ఒక్కరే భారత జట్టునకు పోవుదురు, తక్కినవారి గతి యేమని కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఆటను జీవనోపాధిగా మేము చూపుట లేదు. ఓడి మరునాడు మరల బరిలో దిగుట, జట్టునకై తన్ను తాను అణచుకొనుట, నియమము తప్పిన తనవానినైనను తప్పుపట్టుట ఆట నేర్పును. కక్షలతో నలిగిన పల్లెలకు ఇంతకంటె కావలసిన విద్య యేది? అయినను చదువు లేని ఆట నడివయసున నిరాధారము. కావున రెండును జంటగా నడువవలయును.

గెలిచి వచ్చినవారికి ప్రభుత్వము నగదును, ఉద్యోగమును, ఇంటిస్థలమును ప్రకటించుచున్నది. మేము దానిని ఆక్షేపింపము. కాని గెలువకముందు ఆ బిడ్డ కేమి యిచ్చితిమి? ప్రతి బడికి ఆటస్థలముండవలయునని 2009 విద్యాహక్కు చట్టమే శాసించుచున్నది. వలస కుటుంబముల బిడ్డలకు ఊరనే వసతియు, భోజనమును గల కాలానుగుణ వసతిగృహములు పంట కోతలకు ముందే తెరువబడవలయును. తల్లిదండ్రులు బండి యెక్కిన పిమ్మట తెరచిన తలుపులవలన ప్రయోజనము లేదు. బడిస్థలము ఆక్రమింపబడకుండ చూచుటయు, వ్యాయామోపాధ్యాయుని నియమింపుమని నిలదీయుటయు గ్రామస్థుల విధి. యాత్రకు వచ్చు ధనవంతులు ఒక్కొక్క వసతిగృహమును పోషించినచో విద్వాంసుని సన్నిధికి తగిన కానుక యగును.

వచ్చు వలసకాలమున పల్లెనుండి బండి కదలునపుడు, ఎందరు బిడ్డలు దానిపై నున్నారో, ఎందరు బడిలో నిలిచిరో లెక్కింపుడు. మన మాటల విలువ ఆ లెక్కయే తేల్చును.