రెజ్యూమెలో పని కనబడాలి
ఉద్యోగానికి పంపే రెజ్యూమె అభ్యర్థి చేయగల పనికి సాక్ష్యం. ముందు చిరునామా సంగతి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు చదివినవారి సర్టిఫికెట్లలో పాత జిల్లా పేరే ఉంటుంది. చిరునామాలో కొత్త జిల్లా రాయాలి, అభ్యర్థి పేరు మాత్రం పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. అసలు నష్టం జరిగేది అనుభవం దగ్గర. భూపాలపల్లి సింగరేణి గనుల్లోనో, చెల్పూరు థర్మల్ కేంద్రంలోనో అప్రెంటిస్ చేసిన ఐటీఐ ఫిట్టర్ ‘కష్టపడే స్వభావం’ అని రాసి ఊరుకుంటే అతని నైపుణ్యం మరుగున పడిపోతుంది. ఏ పంపు విప్పి బిగించాడో, ఎన్ని నెలలు చేశాడో రాస్తేనే తెలుస్తుంది. కులం, మతం ప్రైవేటు కంపెనీకి అక్కర్లేదు. కవర్ లెటర్ ఒక్క పేజీ చాలు: ఏ పోస్టు, దానికి తన అనుభవం ఎలా సరిపోతుంది, ఎప్పుడు చేరగలరు.