ఆ ఒక్క పేరు ఎవరిది?

సత్తెనపల్లిలో ఒక ఇంటి ముందుగదిలో, ఉప్పలపాడు చెరువు మీది గూడబాతుల ఫోటోలు ప్రింట్లు వేయించి అమ్ముతున్నారు. భార్యాభర్తలిద్దరూ తీసినవే. కింద సంతకం మాత్రం ఆయనదొక్కటే. "వీటిలో మీరు తీసినవేవండీ?" అని ఆమెని అడిగాను. "మేమిద్దరం ఒకటే కదండీ, ఆయన పేరుంటే చాలదూ!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇద్దరూ ఒకటైనప్పుడు, ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే ఎందుకవుతాడు?

ఇది ఈ ఊళ్ళో పుట్టిన జబ్బు కాదు. 1830ల మొదట్లో లండన్‌లో జాన్ గూల్డ్ హిమాలయ పక్షుల మీద 80 బొమ్మల పుస్తకం తెచ్చాడు. అచ్చుకోసం ఆ బొమ్మల్ని రాతిమీద గీసింది భార్య ఎలిజబెత్. చందాదారులకి అమ్మిన ఆ పుస్తకానికి కర్త మాత్రం ఆయనే. ఎనిమిదో కాన్పు తర్వాత 1841లో, 37 ఏళ్ళకే ఆమె చనిపోయింది. ఒక తేనెపిట్టకి ఆమె పేరు పెట్టారు. అదీ 'మిసెస్ గూల్డ్' అనే!

చాకిరీ దగ్గర ఉమ్మడి, పేరు దగ్గర ఆయన సొంతం. దీన్నే అన్యోన్య దాంపత్యం అని మెచ్చుకుంటాం.

కొనేవాళ్ళకి ఒక్క పేరే గుర్తుంటుందంటారు. సరే, ఆ ఒక్క పేరూ ఆమెది పెట్టి చూడండి. అప్పుడు ఎంతమంది "ఇద్దరం ఒకటే కదా" అంటారో విందాం.